ఆర్పుట నేర్చుకొనుచున్న ఇండ్లు

బీరంగూడ కమాను వద్ద ముంబయి రహదారిని విడిచి, కిష్టారెడ్డిపేట మీదుగా సుల్తాన్‌పూర్ ఔటర్ రింగు రోడ్డు దిక్కునకు సాగు మార్గమున పటేల్‌గూడ కలదు. సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ మండలమునకు చెందిన ఈ ఊరిని గ్రామమనుట పాత అలవాటు చేతనే గాని, నేడు అది వరుసలు దీరిన విల్లాలతోను, అపార్టుమెంట్లతోను, ముంగిట ఇసుకకుప్పలింకను తొలగని కొత్త కాలనీలతోను నిండిన నగరపుటంచు. దక్షిణమున రామచంద్రాపురములో 1960ల నుండి విద్యుదుత్పాదక టర్బైన్లను నిర్మించుచున్న భెల్ కర్మాగారమును, పడమట పటాన్‌చెరువు, పాశమైలారము పారిశ్రామికవాడలలోని మందుల కంపెనీలును ఉండుటచేత, ఈ కాలనీలలో రాత్రి యగుట అందరికిని ఒకే వేళ సంభవించు సంగతి కాదు: ఏ షిఫ్టువాడు మధ్యాహ్నము రెండింటికి విధి ముగించి, ఇంటికి వచ్చి, అన్నము తిని పండుకొనును, బీ షిఫ్టువాడు రాత్రి పది దాటిన పిదప కంపెనీ బస్సు దిగును, సీ షిఫ్టువాడు పొరుగువారు లేచి వాకిళ్ళు చిమ్ము వేళకు కిటికీ తెరలు దింపి నిద్రకుపక్రమించును.

ఇట్టి ఊరిలో, ఇటీవల కట్టిన ఇండ్ల గోడలలో, స్విచ్చుబోర్డు ఫలకము వెనుక, అరచేతిలో ఇమిడిపోవు, కంట్రోలరు అను పరికరమొకటి వచ్చి చేరుచున్నది. 230 వోల్టుల కరెంటును తెంచి కలుపు రిలే యొకటియు, ఆ రిలేకు ఆజ్ఞలిచ్చు చిన్న కంప్యూటరు చిప్పు ఒకటియు, ఇంటి వైఫైతో మాటలాడు ఏంటెన్నా ఒకటియు, ఇంతే దాని సామగ్రి. దానిని అమ్మువారు దాని మహిమను వర్ణించునపుడు సెల్‌ఫోను మీద వ్రేలుంచి హాలులోని దీపములన్నిటిని ఒక్కమారుగా వెలిగించి చూపుదురు, చూచువారు అబ్బురపడుదురు. నా యభిప్రాయమున ఆ పరికరము యొక్క యోగ్యత తేలునది వెలిగించుటలో కాదు, ఆర్పుటలో. ఏలయనగా వెలిగించుటకు మనిషి యొకడు వచ్చెనని తెలిసిన చాలును, ఆర్పుటకో, మనిషి యెవడును లేడనియో, ఉన్నను వానికి వెలుతురుతో పని లేదనియో నిశ్చయముగా తెలియవలెను. ఉన్నదానిని కనుగొనుట కన్న లేనిదానిని నిర్ణయించుట కష్టమని మన తార్కికులు ఏనాడో గ్రహించిరి. తర్కసంగ్రహకారుడైన అన్నంభట్టు అభావమును ఏడవ పదార్థముగా లెక్కకు తెచ్చినాడు. ఆ ఏడవ పదార్థమును కొన్ని వందల రూపాయల చిప్పునకు బోధించుటయే గృహదీపముల ప్రోగ్రామింగులోని అసలు పని.

బోరుమోటారు చెప్పిన పాఠము

ఈ జిల్లా వారికి ఈ చిక్కు కొత్తది కాదు. కరెంటు రాత్రి ఏ జామున వచ్చునో తెలియని దినములలో, చీకటిలో పురుగూ పుట్రా భయముతో గట్లవెంట నడచిపోయి మోటారు వేయు బాధ తప్పించుకొనుటకై రైతులు బోరుమోటార్లకు ఆటోస్టార్టర్లు బిగించుకొనిరి. కరెంటు వచ్చిన తోడనే మోటారు తనంత తాను నడచును; రైతు ఇంట నిద్రించును. రోజునకు ఆరేడు గంటలు మాత్రమే కరెంటు వచ్చిన కాలమున అది వరమే. 2018 జనవరి 1వ తేదీ నుండి తెలంగాణలో వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల ఉచిత విద్యుత్తు వచ్చెను. దానికి ముందు 2017 జూలైలో ఆ ప్రయోగమును మొదలిడిన పాత జిల్లాలలో మెదకు ఒకటి, నేటి సంగారెడ్డి నాటి మెదకులోని భాగమే. కరెంటు పోవుటయే మానివేసిన నాడు ఆటోస్టార్టరు మోటారును ఆపు ప్రసక్తియే లేకపోయెను. మడి నిండి నీరు పొర్లినను, బోరు అడుగంటినను అది నడచుచునే యుండును. అందుచేత ప్రభుత్వమే ఊరూర తిరిగి, ఆటోస్టార్టర్లను తీసివేయుడని రైతులను బతిమాలవలసి వచ్చెను. నడుపుట మాత్రమే నేర్చి, ఆపుట నేర్వని యంత్రమునకు మన ప్రాంతమున ఇంతకన్న పెద్ద నిదర్శనము లేదు.

వీధిదీపముల కథయు ఇట్టిదే. పల్లెలలో పట్టపగలు వీధిదీపములు వెలుగుట మనమందరము చూచిన దృశ్యము. దానికి పంచాయతీవారి అలసత్వమును నిందించుట వాడుక. నిజమునకు అనేక గ్రామములలో దీపములకు వేరుగా మూడవ తీగ లేదు. ఇండ్లకు పోవు తీగనుండియే వానికిని కరెంటు తీసికొనుటచేత, దీపములను ఆర్పవలెనన్న ఇండ్లకు కూడ కరెంటు ఆపవలెను. 2019 సెప్టెంబరులో ఆరంభమైన పల్లెప్రగతి కార్యక్రమమున మూడవ తీగ లాగుట ఒక ముఖ్యమైన పనిగా చేరుటకు కారణమిది. ఆర్పుటకు ముందు ఆర్పుటకొక మార్గముండవలెను గదా! విశాఖపట్టణమున 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను స్తంభములను కూల్చిన పిమ్మట, నగరమంతటను ఎల్‌ఈడీ దీపములను అమర్చి, వానిని ఒక్కచోటి నుండి నియంత్రించు పెట్టెలను వీధుల వెంట నిలిపిరి. తరువాత హైదరాబాదును ఆ దారినే నడచినది. ఇంటిలోని పరికరము ఆ వీధిపెట్టెకు తమ్ముడు వంటిది.

ఈ విద్యకు విదేశములలో అర్ధశతాబ్దపు చరిత్ర గలదు. స్కాట్లండులోని గ్లెన్‌రోథెస్ పట్టణమున పీకో ఎలక్ట్రానిక్స్ అను సంస్థవారు 1975లో ఎక్స్-టెన్ అను పద్ధతిని కనిపెట్టిరి. ఇంటి కరెంటు తీగల మీదనే 120 కిలోహెర్ట్జుల సంకేతమును పంపి దీపములను ఆర్పుట, వెలిగించుట దాని పని. అది ధనికుల వినోదముగానే చిరకాలముండెను. 2014లో షాంఘై నగరపు ఎస్ప్రెసిఫ్ సంస్థ ఈఎస్‌పీ 8266 అను చౌక వైఫై చిప్పును విడుదల చేసిన పిదప పరిస్థితి మారినది. ఇంజనీరింగు చదువుకొను కుఱ్ఱవాడెవడైనను తన చేతిఖర్చుతోనే దానిని తెప్పించుకొని, ఆదివారము నాడు గదిలో కూర్చుండి ఇంటి దీపమునకు బుద్ధి నేర్పజూచు అవకాశము కలిగినది.

గడియారమును సూర్యుడును

అట్టి కుఱ్ఱవాడు మొట్టమొదట వ్రాయు ప్రోగ్రాము మిక్కిలి సరళము: సాయంకాలము ఆరున్నరకు వాకిటి దీపము వెలుగవలెను, ఉదయము ఆరింటికి ఆరవలెను. చిప్పు తనకు కావలసిన కాలమును ఇంటర్నెట్టు నుండి తెచ్చుకొనును. అయితే అది తెచ్చుకొనునది ప్రపంచ ప్రామాణిక కాలము, మన కాలము కన్న ఐదున్నర గంటలు వెనుకబడినది. ఆ ఐదున్నర గంటలను కలుపుట మరచెనా, ఆరున్నరకు వెలుగవలసిన దీపము సరిగా అర్ధరాత్రి పండ్రెండు గంటలకు వెలుగును. పొరుగువారికి ఇంటివారి మీద ఏ యనుమానమో కలుగును.

అది సరిదిద్దిన పిమ్మట రెండవ చిక్కు వచ్చును. మన గడియారములన్నియు 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును, అనగా తుని సమీపముగా పోవు రేఖను, అనుసరించి నడచుచున్నవి, పటేల్‌గూడ 78.3 డిగ్రీల వద్దనున్నది. డిగ్రీకి నాలుగు నిమిషముల లెక్కన ఇచట సూర్యుడు ఆ రేఖ మీది కన్న సుమారు 17 నిమిషములు ఆలస్యముగా గ్రుంకును. అది చాలక, నవంబరు చివర ఐదు గంటల నలుబది నిమిషముల ప్రాంతమున గ్రుంకు సూర్యుడు జూలై మొదట ఆరు గంటల ఏబదియైదు వరకును నిలిచియుండును. ఒకే గడియను నమ్ముకొన్న దీపము వేసవిలో వెలుతురుండగనే వెలుగును, శీతకాలమున చీకటి పడి అరగంట దాటినను వెలుగదు. కావున తెలివిగల ప్రోగ్రామరు గడియారమును విడిచి, అక్షాంశ రేఖాంశముల నుండి ఆనాటి సూర్యాస్తమయమును గణించు సూత్రమును చిప్పులో నిలుపును. పంచాంగకర్తలు ఇన్ని శతాబ్దములుగా ఊరూరికి వేరుగా చేయుచు వచ్చిన లెక్కనే ఇపుడు స్విచ్చుబోర్డు చేయుచున్నది. ఇది ఈ విద్యలో నాకు మిక్కిలి ప్రియమైన భాగము.

ఇంతవరకు గణితము. గణితము లొంగును. మనిషి లొంగడు.

చదువుచున్న తాతగారు

మనిషి యున్నాడో లేడో తెలిసికొనుటకు సాధారణముగా వాడు పరికరము పీఐఆర్ సెన్సారు. తెల్లని బుడిపె వంటి కటకము వెనుక దాగి, అది శరీరము నుండి వెలువడు ఉష్ణకిరణములను కనిపెట్టుచుండును. సుమారు ఏడు మీటర్ల మేర దాని చూపు పనిచేయును. అయితే అది కనిపెట్టునది శరీరమును కాదు, శరీరము యొక్క కదలికను. కుర్చీలో నిశ్చలముగా కూర్చుండి పత్రిక చదువుచున్న తాతగారు దాని దృష్టిలో లేనివారే. ఐదు నిమిషములు గడచునప్పటికి సంపాదకీయము మధ్య దీపమారును, తాతగారు చేయి గాలిలో ఊపవలెను, దీపము వెలుగును, మరల ఐదు నిమిషములకు మరల చేయి. ఇంటిపెద్దచేత ఇట్టి వ్యాయామము చేయించు ప్రోగ్రామును ఏ కోడలును సహింపదు. వారము తిరుగకముందే సెన్సారు మీద ప్లాస్టరు అంటింపబడును.

మన ఎండలు దీనికి మరియొక పరీక్ష. పీఐఆర్ పనిచేయుటకు మనిషి చర్మపు వేడికిని వెనుకనున్న గోడ వేడికిని భేదముండవలెను. మే నెలలో బయట నలుబది డిగ్రీలు దాటినపుడు, పైయంతస్తు గది గోడలు స్లాబు వేడికి కాగి, మనిషి చర్మముతో ఇంచుమించు సమానమగును. అపుడు సెన్సారునకు ఎదుటనున్న మనిషియు గోడయు ఒక్కటిగానే తోచును. శీతలదేశముల నుండి వచ్చిన సూచనాపత్రములలో ఈ సంగతి చిన్న అక్షరములలో నుండును. ఇటీవల ఇరువదినాలుగు గిగాహెర్ట్జుల రాడారుతో పనిచేయు సెన్సార్లు వచ్చినవి. అవి ఊపిరి తీయునపుడు రొమ్ము కదలుటను సయితము పసిగట్టును గనుక తాతగారి చేతికి విశ్రాంతి దొరకును. కాని ఫ్యాను గాలికి ఊగు కిటికీ తెరను గూడ అవి ప్రాణిగా భావించి, నిర్జనమైన గదిలో రాత్రియెల్ల దీపము వెలిగించి కాపు కాయును. ఒకదానికి తక్కువ తెలియును. రెండవదానికి ఎక్కువ తెలియును.

పటేల్‌గూడలో దీనికి తోడు షిఫ్టుల తంటా. అమ్మకమునకు వచ్చు ప్రోగ్రాములన్నియు పగలు పనికి పోయి రాత్రి నిద్రించు కుటుంబమును మనసునందుంచుకొని వ్రాసినవి. ఒక ఇంటిని ఊహించుకొనుడు: తండ్రికి వారమున కొక షిఫ్టు, తల్లి ఇంటనే యుండును, కూతురు ఈఏపీసెట్‌కు రాత్రి ఒంటిగంట వరకు చదువును, నానమ్మ తెల్లవారుజామున నాలుగింటికి లేచి దేవుని గదిలో దీపము పెట్టును. రాత్రి పదకొండింటికి అన్నియు ఆర్పుమన్న ఆజ్ఞ ఆ ఇంట ఎవరి మీద పనిచేయవలెను? బీ షిఫ్టు ముగించి వచ్చిన తండ్రి అన్నము ముందు కూర్చున్న వేళకే వంటింటి దీపమారిన ఆ కంట్రోలరు ఆ రాత్రియే ఊడి బయటికి వచ్చును. అందుచేత ఇచట ప్రోగ్రాము వ్రాయువాడు గంటలను గాక, షిఫ్టు పట్టికను చిప్పునకు ఇయ్యవలెను. ఏ, బీ, సీ, జనరల్ అను నాలుగు బొత్తములను ఫోనులో ఉంచి, ఈ వారము నాన్నగారిది ఏ షిఫ్టో ఆదివారము నాడు నొక్కుమని ఇల్లాలితో చెప్పిన చాలును. ఇట్టి చిన్న సవరణను పెద్ద కంపెనీ చేయదు. ఇంటి పరిస్థితి నెరిగిన కుఱ్ఱవాడే చేయును.

తొలకరి పడిన రాత్రి ఉసిళ్ళు లేచి దీపము చుట్టును ముసరునపుడు ఇంటిల్లిపాదియు పరుగున పోయి దీపములార్పి చీకటిలో కూర్చుందురే, ఆ సంగతి ఏ సెన్సారు ఎరుగును? మనుషులున్నారు, మేలుకొని యున్నారు, మాటలాడుకొనుచున్నారు, అయినను వెలుతురు వలదు. గోడ మీది స్విచ్చును తీసివేసి అంతయు ఫోనులోనే యుంచిన ఇండ్లు ఆ రాత్రి పడు అవస్థ చూడదగినది.

కరెంటు పోయి వచ్చినపుడు

కరెంటు పోవుట నేడు తగ్గినది. 2012 ప్రాంతమున ఈ పారిశ్రామికవాడలకే పవర్ హాలిడేలు విధించిన దినములను తలచుకొన్న, నేటి స్థితి మెఱుగు. అయినను గాలివాన వచ్చినపుడు ఫీడరు ట్రిప్పగును. రాత్రి రెండింటికి పోయిన కరెంటు మూడింటికి వచ్చును. ఆ వచ్చిన తొలిక్షణమున చిప్పు నిద్ర లేచి, తానెవరో, కాలమెంతయో, దీపములేవి యే స్థితిలో నుండెనో తెలియక తడబడును. కొన్ని రిలే బోర్డులు సంకేతము లేని స్థితినే వెలిగింపుమన్న ఆజ్ఞగా గ్రహించునట్లు చేయబడినవి; అట్టి చోట కరెంటు రాగానే ఇల్లంతయు పెండ్లివారిల్లువలె వెలిగి నిద్రించువారిని లేపును. వైఫై రౌటరు చిప్పు కన్న ఆలస్యముగా మేలుకొనును గనుక కాలమడుగుటకును దిక్కుండదు. దీనికి మందు కలదు: నాణెపు బ్యాటరీతో నడచు గడియారపు చిప్పు ఒకటి జతచేయుట, పూర్వస్థితిని చిప్పు జ్ఞాపకములో వ్రాసియుంచుట, ఏమియు తెలియనపుడు ఆర్పియుంచుటయే ధర్మమని మొదటి పంక్తిలోనే శాసించుట. ఈ మూడవది వ్రాయుటకు ఒక్క పంక్తి చాలును. అదియే తరచుగా మరువబడునది.

ఆర్పినను ఆరని దీపములును కలవు. కరెంటు పనివాడు స్విచ్చును ఫేజు తీగ మీద గాక న్యూట్రలు మీద కలిపిన ఇండ్లలోను, న్యూట్రలు లేకయే పనిచేయు ఎలక్ట్రానిక్ స్విచ్చులు పెట్టిన ఇండ్లలోను, ఎల్‌ఈడీ బల్బు రాత్రియంతయు మిణుకుమిణుకుమనును. ప్రోగ్రాము ఆరినదని చెప్పును, ఫోను ఆరినదని చూపును, బల్బు మాత్రము ఒప్పుకొనదు.

లెక్క చూచిన

ఇంత శ్రమకు ఫలమేమి? అమ్మువారు కరెంటు బిల్లు తగ్గునందురు. 60 వాట్ల పాత బల్బు సుమారు 17 గంటలు వెలిగిన ఒక యూనిటు కాలును. 2015 జనవరిలో ఉజాలా పథకము మొదలై చౌక ఎల్‌ఈడీలు ఇంటింటికి చేరిన పిదప, 9 వాట్ల బల్బు ఒక యూనిటుతో 111 గంటలు వెలుగుచున్నది. కంట్రోలరు మాడ్యూలు దీపము ఆరియున్నను తాను మాత్రము మేలుకొనియే యుండవలెను. ఒక్కొక్కటి ఒక వాటు తినునని అనుకొన్నను, ఎనిమిది మాడ్యూళ్ళు గల ఇంట నెలకు ఆరు యూనిట్లకు కొంచెము తక్కువ పోవును. ఆ ఖర్చు పూడవలెనన్న, నాలుగు బల్బులు ప్రతిదినము ఐదు గంటలకు పైగా వృథాగా వెలుగుచుండిన ఇల్లై యుండవలెను. "లైట్లు బంద్ చేసినవా బిడ్డా?" అని పడుకొను ముందు అడుగు నానమ్మ యున్న ఇంట ఆ పరికరము మిగిల్చునది శూన్యము; పైగా ఎదురు ఖర్చు.

అయినను కొన్ని యూనిట్లకు అసాధారణమైన విలువ గల సందర్భమొకటి మన రాష్ట్రమున నున్నది. 2024 మార్చి నుండి గృహజ్యోతి పథకమున అర్హులైన వారికి నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు సున్న. ఆ మేర దాటెనా మొత్తమునకు బిల్లు వచ్చును. 2022 ఏప్రిల్‌లో వచ్చిన రేట్ల ప్రకారము 201 యూనిట్లు కాల్చిన వానికి మొదటి 200కు యూనిటు 5 రూపాయల 10 పైసలు, ఆ పై ఒక్కదానికి 7 రూపాయల 70 పైసలు, వెరసి 1,027 రూపాయల 70 పైసలు విద్యుత్తు ఛార్జీ పడును. ఆ యొక్క యూనిటును దీపములార్పి మిగిల్చుట కన్న గీజరును అర్ధగంట ముందు ఆర్పి మిగిల్చుట సులభము. రెండు కిలోవాట్ల గీజరు ఆ అర్ధగంటలోనే ఒక యూనిటు మ్రింగును. ఇంటిలో కంట్రోలరు పెట్టదలచినవారు మొదట దానిని గీజరునకును, ట్యాంకు నిండి పొర్లు నీటి మోటారునకును పెట్టవలెనని నా నిశ్చితాభిప్రాయము. గీజరు ఎక్కువ కరెంటు లాగును గనుక దానికి 16 ఆంపియర్లకు తక్కువ కాని రిలే వలయును. దీపమునకు పెట్టిన రిలేనే దానికి పెట్టుట అపాయము.

దీపముల విషయమున నిజమైన ఆదా అపార్టుమెంట్ల సెల్లారులలోను, కారిడార్లలోను గలదు. ఎవరి సొత్తును కాని ఆ దీపములను ఎవరును ఆర్పరు. ఇరువది వాట్ల ట్యూబులైట్లు నలుబది, సాయంకాలము నుండి ఉదయము వరకు పండ్రెండు గంటలు వెలిగిన, రాత్రికి 9.6 యూనిట్లు, నెలకు 288. పదింటిని వెలుగనిచ్చి, తక్కిన ముప్పదిని మనిషి వచ్చినపుడు మాత్రమే వెలిగించినచో, అవి రాత్రికి రెండు గంటలు వెలుగునని అనుకొన్న, లెక్క 108కి దిగును. ఇచట తాతగారు పత్రిక చదువరు, ఎవరును నిశ్చలముగా కూర్చుండరు, వచ్చువారు, పోవువారు. అభావమును నిర్ణయించుట ఇచట సులభమగుటచేతనే చౌకయైన పీఐఆర్ ఇచట చక్కగా పనిచేయును. పక్కనున్న అమీన్‌పూర్ చెరువు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటింపబడినది. దాని గట్టు దిక్కునకు తిరిగిన ఇండ్ల బయటి దీపములు రాత్రియెల్ల వెలుగకుండుట పక్షులకును మేలు.

మరియొక మాట. కొన్ని కంపెనీల పరికరములు ఇంటి దీపమును ఆర్పుటకు గూడ ఎచటనో యున్న సర్వరును అడిగి రావలెను. అమెరికాలో ఇన్‌స్టియన్ అను సంస్థ 2022 ఏప్రిల్‌లో ముందు మాట చెప్పకయే సర్వర్లను మూసివేయగా, దానిని నమ్ముకొన్న వారు ఫోను పట్టుకొని నిర్ఘాంతపోయిరి. హోమ్ అసిస్టెంట్ వంటి ఉచిత సాఫ్టువేరును ఇంటిలోని చిన్న కంప్యూటరులోనే నడుపుకొనువారికి ఆ భయము లేదు.

కావున పటేల్‌గూడలో నేడు పునాది తీయుచున్న వారికి, సెంట్రింగు దశలో నున్న వారికి నా మనవి: కంట్రోలర్లు ఇపుడే కొనకుడు, తొందర లేదు. కాని గోడలకు ప్లాస్టరు పడకముందే, మెట్ల దగ్గరి పెట్టెతోను, స్నానాలగది బయటి పెట్టెతోను సహా, ప్రతి స్విచ్చు పెట్టెలోనికి న్యూట్రలు తీగ లాగించుకొనుడు. స్విచ్చును ఫేజు మీదనే కలుపుమని పనివానికి చెప్పి, టెస్టరు పెట్టి చూచుకొనుడు. రేపు ఏ యంత్రమును తెచ్చినను, చేతితో నొక్కు స్విచ్చును మాత్రము గోడ మీది నుండి తీయనీయకుడు.